మంచు పట్టిన బండ్లు

2004 చలికాలం. మేడ్చల్ రోడ్డు పక్కన కోళ్ల షెడ్లు తీసేసి యాదగిరి అనే ఆయన ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్ కట్టాలనుకున్నాడు. అంటే వారాలు, నెలలు ఉండేవాళ్ల హోటల్. గదిలోనే చిన్న వంటగది ఉంటుంది. జీడిమెట్లలో మిషన్లు బిగించడానికి వచ్చే ఇంజినీర్లే ఆయన ఆశ. గదులు నలభై. పార్కింగ్ ఎంత కావాలో తేల్చే పని నాకొచ్చింది.

మా పనిలో పార్కింగ్ డిమాండ్ అనే మాట ఉంది. ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని బండ్లు నిలుస్తాయన్నదే అది. దాన్ని ఊహించి రాయకూడదు, అలాంటి చోటికే వెళ్లి లెక్కపెట్టాలి. మేడ్చల్ ఊళ్లో దాదాపు నలభై గదులతోనే అలాంటి గెస్ట్‌హౌస్ ఒకటుంది. మూడు రోజులు పొద్దున ఏడింటికి వెళ్లి లెక్కపెట్టాను. రాత్రి నిలిపిన బండ్లన్నీ అప్పటికింకా కదలవని నా తెలివి. ఏ రోజు చూసినా ముప్పైకి తగ్గలేదు. ముప్పై అని రిపోర్టు రాసిచ్చేశాను.

ముందున్న ఖాళీలో పన్నెండు బండ్లే పడతాయి. మిగతావాటికి వెనకున్న యాదగిరి అర ఎకరం తీసుకోవాలి. అందులో మల్లమ్మ అనే ఆమె కౌలుకు పాలకూర, మెంతికూర వేసుకుంటోంది. ఆమెకు ఉన్న ఆధారం అదొక్కటే. ఆ సంగతి నాకు తెలుసు. నా పని బండ్లు లెక్కపెట్టడమే కదా అనుకున్నాను.

వారం తర్వాత సున్నంతో గీతలు వేయించడానికి వెళ్లేసరికి ట్రాక్టర్ సగం మడి చదును చేసేసింది. మొలకెత్తిన మెంతి మట్టిలో కలిసింది. మల్లమ్మ ఖాళీ గంపతో గట్టు మీద నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"మొన్న గెస్టవుజు కాడ బండ్లు లెక్కవెట్టింది నువ్వే గదా సారూ? నేను రోజు ఆడ కూర ఏసొస్త."

"అవునమ్మా."

"గవన్ని రాత్రంత ఆడనే ఉన్నయనుకున్నవా? సగానికెక్కువ కంపెనోళ్ల సుమోలు. ఇంజినీర్లను ఎక్కించుకపోను పొద్దుగాల వస్తయి. రాత్రి కంపెనీ షెడ్ల కిందనే ఉంటయి."

ఆమె ఆగలేదు. "బండి మీద చెయ్యి వెట్టి సూడు. మంచు తడి ఉంటె రాత్రి ఆడ ఉన్నట్టు. పొడిగుంటె గప్పుడే వచ్చినట్టు. గింత దానికి సదువుకోవాల్నా?"

ట్రాక్టర్ ఆపించాను. మర్నాడు పొద్దున ఏడింటికి గెస్ట్‌హౌస్‌లో ఒక్కో బండి టాపు మీద చెయ్యి పెట్టుకుంటూ నడిచాను. తడిసినవి తొమ్మిది. మిగతావన్నీ పొడిగా ఉన్నాయి. కాసేపటికే ఇంజినీర్లు బయటికొచ్చి ఎక్కారు, సుమోలు వరుసగా వెళ్లిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సుమోలకు కావలసింది గేటు పక్కన కాసేపు ఆగే చోటు, అంతే. రాత్రి నిలిచేవాటికి ముందున్న పన్నెండు బండ్ల ఖాళీయే చాలు.

యాదగిరి మండిపడ్డాడు. "మొన్న ముప్పై అన్నవ్, ఇయాల పన్నెండు సాలంటున్నవ్. ఏ మాట నమ్మాలె సాబ్?"

"ఈ రోజుదే. మొన్నటిది నా తప్పు."

"కంకర లారీలు బయల్దేరినయి. చదునైన కాడికి ఏపిస్త. తతిమ్మాది ఆమెకు ఇడిచిపెడుత, పో."

మల్లమ్మకు సగం మడి మిగిలింది. క్షమించమని అడిగాను. "మిగిలిన దాంట్ల మల్ల ఇత్తునం సల్లుకుంట. ఇంకోపారి రాసే ముందు ఆడున్నోళ్లను అడుగు సారూ," అంది. తిట్టి ఉంటే నయమనిపించింది.

ఆ తర్వాత ఎక్కడ లెక్కకు వెళ్లినా ముందు అక్కడ కూరలు, పాలు వేసేవాళ్లను, వాచ్‌మన్‌ను అడిగాకే కాగితం తీశాను. బండ్ల టాపులు తడుముతుంటే ఆఫీసులో నవ్వేవాళ్లు.

హోటల్ బాగానే నడిచింది. బండ్లన్నీ ముందున్న చోటే సరిపోయేవి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆగి వెనక్కి వెళ్లి చూసేవాణ్ణి. ఒకవైపు మల్లమ్మ పాలకూర పచ్చగా ఉండేది. పక్కనే నా తప్పు లెక్కకు పరిచిన కంకర నేల ఉండేది. దాని మీద ఒక్క బండీ ఆగగా నేనెప్పుడూ చూడలేదు.