అడవిలో వంట ఎవరిది

ఆ ఏడాది సమ్మెల వల్ల క్లాసులు జరిగిన రోజులకంటే జరగనివే ఎక్కువ. బస్సులు ఎప్పుడు ఆగిపోతాయో తెలిసేది కాదు. తార్నాక నుంచి నేనూ, లాలాపేట్ నుంచి నా స్నేహితురాలూ కలిసి నడిచే క్యాంపస్‌కి వెళ్లేవాళ్లం. క్లాసు లేదని తెలిస్తే ఇంటికి తిరిగిపోకుండా ఆడపిల్లల హాస్టల్లో ఇద్దరు సీనియర్ అక్కలుండే గదికి చేరేవాళ్లం. మా ఆట అక్కడే సాగేది.

ఆ ఆట నేను అల్లింది. గది నేల మీద సుద్దతో అడవి, వాగు, గుట్టలు గీసేదాన్ని. వాళ్లు ముగ్గురూ తలా ఒక వేషం ఎంచుకుని అడవి దాటి కోటకు చేరాలి. వెనక రాజు మనుషులు తరుముతుంటారు. దారిలో ఏం ఎదురైందో నేను చెప్పేదాన్ని. ఏం చేస్తారో వాళ్లు చెప్పేవారు. గెలిచిందీ ఓడిందీ గవ్వలు తేల్చేవి. నలుగురిలో నోరు పెగలని నేను ఆ గదిలో మాత్రం గంటల తరబడి మాట్లాడేదాన్ని.

మొదట్లో వాళ్లకు అలుపే ఉండేది కాదు. పగలంతా నడిచి, వాగు ఈది, ఆ వెంటనే గుట్ట ఎక్కేస్తామనేవారు. భయం లేక ఆట చప్పబడింది. అందుకని తలా ఒక గుప్పెడు చింతగింజలు పంచాను. నడిచిన రోజుకు ఒక గింజ నాకు తిరిగివ్వాలి. వాగు దాటినా, గుట్ట ఎక్కినా రెండు. గింజలు చాలకపోతే మనిషి కూలిపోయినట్టే. కూలినవాళ్లు ఆట విడిచిపోవాలి, వేరే మనిషిగా మళ్లీ రాకూడదు.

అలసట పెట్టడం సులువే, తేరుకోవడమే కుదిరేది కాదు. నిద్రపోతే గింజలన్నీ తిరిగి వస్తాయని రాస్తే, ప్రతి చెట్టు కిందా పడుకున్నారు. ఒక్కటే వస్తుందని మారిస్తే అందరూ సగం అడవిలోనే కూలారు. నడిచి ఇల్లు చేరాక నా ఒంటినే గమనించాను. ఉత్తగా పడుకుంటే కాళ్ల పీకుడు పోయేది కాదు, తిని పడుకుంటే పోయేది. దాంతో రూలు కుదిరింది: వండినది తిని, తెల్లవారేదాకా పడుకుంటే మూడు గింజలు వస్తాయి. వండి, కావలి కాసిన మనిషికి ఏమీ రావు.

ఎవరు వండాలో రాయలేదు. రాయాలని తోచలేదు.

ఆటలో ఒక అక్క సిపాయి, ఇంకో అక్క వైద్యురాలు. నా స్నేహితురాలు అడవి ఎరిగిన మనిషి, దారి చూపేది ఆమే. కానీ హాస్టల్ మెస్ మూసినప్పుడల్లా మా అందరికీ టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టెలు, పప్పు తెచ్చేది కూడా ఆమే. ఆటలో మొదటి మజిలీ రాగానే సిపాయి అక్క, "నువ్వే వండు పిల్లా, నీ చెయ్యి మంచిగుంటది" అంది. నా స్నేహితురాలు తలూపింది. తర్వాతి మజిలీల్లో ఎవరూ అడగను కూడా అడగలేదు.

చివరి గుట్ట కిందికి వచ్చేసరికి ఆమె దగ్గర ఒక్క గింజ మిగిలింది.

"చీకటి పడింది. రాజు మనుషుల కాగడాలు వెనకే కనిపిస్తున్నాయి. ఏం చేస్తారు?" అన్నాను.

"తిని పండుకుంటం. పొద్దుగాల గుట్ట ఎక్కుడే," అంది సిపాయి అక్క.

"ఎక్కాలంటే రెండు కావాలి. ఈమెకు ఒక్కటే ఉంది."

ముగ్గురూ నేల మీది ఆ గింజ వైపు చూశారు. బయట రోడ్డు మీద నినాదాలు వినిపిస్తున్నాయి.

"రూల్ మార్చరాదే. నువ్వు రాసిందే గద," అంది వైద్యురాలు అక్క.

"వా! ఊబిల నా గింజలు పోయినప్పుడు మార్చిందా? దోస్తని మారుస్తే ఇది ఆటనా, మజాకా?" అంది సిపాయి అక్క.

ఆమె అన్నది నిజమే. మారిస్తే ఆ తర్వాత నా మాట ఎవరూ నమ్మరు. మార్చకపోతే నా స్నేహితురాలు కూలిపోతుంది. పక్కన కూర్చుని చూసే రకం కాదామె, ఇక ఈ గదికే రాదు. ఆమె లేకపోతే నేనూ రాలేను. నా అరచేతుల్లో సుద్ద తడిసి ముద్దయింది.

"ఆమే వండాలని రూల్‌లో లేదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను.

నా స్నేహితురాలు తలెత్తింది. "లేదా? అయితే నేను పండుకుంటున్న."

"మరి మేమేం తినాలె?" అంది సిపాయి అక్క.

"కత్తి తిప్పుతవ్ గదక్కా, గరిటె తిప్పు."

"నాకున్నయే రెండు. వండితే గుట్ట ఎక్కినంక కోటదాక నడువనీకి ఒక్కటి గూడ మిగలది, కూలుత!"

"ఇన్ని దినాలు నాకెందుకు తగ్గినయో ఒక్కనాడన్న చూసినవా?"

సిపాయి అక్క ముఖం ఎర్రబడింది. ఎవరూ వండకపోతే ఎవరికీ గింజలు రావు, పొద్దున నా స్నేహితురాలే ముందు కూలుతుంది. అది ఆమెకూ తెలుసు. అయినా పండుకుంటానన్న మాట వెనక్కి తీసుకోలేదు. అంతలో హాస్టల్ ఆయమ్మ కింది నుంచి కేకేసింది, గొడవ ఇటే వస్తోంది, గేటు మూస్తున్నాం, బయటి పిల్లలు వెళ్లిపోవాలని.

నేను వైద్యురాలు అక్క ఒడిలోకి చూశాను. నా చూపు వెంటే మిగతా ఇద్దరూ చూశారు. అక్కడ గింజలు కుప్పగా ఉన్నాయి.

"నాకు వండుడు రాదే," అందామె మెల్లగా.

"ఆటల గూడ రాదా అక్కా?" అంది నా స్నేహితురాలు.

సిపాయి అక్క ముందు నవ్వింది. వైద్యురాలు అక్క నవ్వలేదు. కొంచెంసేపు తన గింజలను వేలితో కదిపి, "సరే, కావలి గూడ నేనే ఉంట. పండుకోండ్రి," అంది.

తెల్లవారిందని చెప్పి, నేను మూడు గింజలు తీసి నా స్నేహితురాలి చేతిలో పెట్టాను. ఆయమ్మ రెండోసారి పిలిచేదాకా ఆమె పిడికిలి విప్పలేదు.