నీళ్ల మీద తేలిన ఇటుక

మా అక్క కప్పు కింద నిద్రపోయి ఏళ్లయింది. మెట్టినింట్లో భూకంపానికి రాతిగోడ కూలి బావ పోయాడు. ఆ తరువాత ఆమె నాంపల్లిలోని మా ఇంటికి వచ్చేసింది. వానైనా చలైనా మంచం వాకిట్లోనే. పోయిన చలికాలం ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. ఇంకో చలికాలం బయట పడుకుంటే మనిషి దక్కదని దవాఖానలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

మేడ మీద ఆమెకో తేలికైన గది కట్టించాలనుకున్నాను. అబిడ్స్‌లోని ఒక దుకాణం నుంచి లైట్ వెయిట్ ఇటుక ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"గిది నీళ్ల మీద తేలుతదక్కా."

"ఔ తమ్మీ. మొన్న నువ్ జెప్పిన గండిపేట మొసలి గూడ ఆటో ఎక్కి లక్డీకాపూల్ల దిగె గదా."

కోతలరాయుడినని ఇంట్లో నా మాటకున్న విలువ అది. ఇటుకను బకెట్లో వేశాను. తేలింది. ఆమె వేలితో ముంచింది, మళ్లీ పైకొచ్చింది. ఈసారి నవ్వలేదు.

"మీద వడితే మనిషి సావడా?"

నాలుక చివర మంచి కోతొకటి సిద్ధంగానే ఉంది. మింగేశాను.

"దెబ్బయితే తగుల్తది. గోడ బరువు తక్కువుంటే భూమి ఊగినప్పుడు ఊపు గూడ తక్కువ. సుట్టూ ఇనుప చట్రముంటది. అది పుటుక్కున ఇరగది, వంగుతది. వంగేలోపు బయటికి ఉరకొచ్చు. గంతే అక్కా."

"మీ బావకు గంత సేపు దొరకలే," అంది. ఇటుకను బకెట్లోంచి తీసి నా చేతిలో పెట్టి, "కట్టు," అంది.

గది పూర్తయిన మధ్యాహ్నం పరుపుచుట్ట పట్టుకుని పైకొచ్చిన అక్క మెట్ల దగ్గరే ఆగిపోయింది. మేస్త్రీ గదిపై రేకుల మీద షాబాద్ బండ ముక్కలు వరసగా పేర్చి ఉంచాడు. మా గల్లీలో రేకుల ఇల్లు ఏదైనా అంతే, గాలికి లేవకుండా పైన రాళ్లుండాల్సిందే.

"నువ్ గూడ బండలే వెడ్తివా?" అంది నాతో.

"మరలు బిగించినం గదా, రాళ్లెందుకయ్యా?" అని మేస్త్రీని కసిరాను.

"ఆనాకాలం గాలికి లేసి గీ రేకులు కోఠిల వడ్తయ్, పోయి ఏరుకో అన్నా," అని గొణుగుతూనే నిచ్చెనేశాడు. అతను అందిస్తుంటే ఒక్కో బండా నేనే దించాను. ఆఖరిది దిగేదాకా అక్క పరుపు కింద పెట్టలేదు.

తరువాత లోపలికెళ్లి మంచాన్ని తలుపు దగ్గరికి జరుపుకుంది. చెప్పులు విడవకుండానే నడుం వాల్చింది. నేను గడప మీద కూర్చున్నాను. కొంతసేపటికి ఒక చెప్పు జారి కింద పడింది. రెండోది తనే కాలితో తీసేసి, గోడవైపు తిరిగి పడుకుంది.