రంగు తప్పిన దారం

కుట్టు దుకాణం యజమానురాలు పొడుగాటి కోటును బల్ల మీదకి విసిరికొట్టింది. కోటు ముదురాకుపచ్చ. అంచు పొడుగునా, కాలరు చుట్టూ, జేబుల మీదా నడిచిన దారం మాత్రం గోధుమరంగు.

"ముఖాన ఉన్నవి కళ్లా, గుండీలా? కుట్టించుకున్నావిడ ఇది వేసుకుని ఎండలోకెళ్తే వీధి వీధంతా నవ్విందట!"

చిన్నది కోటు అందుకుని కుట్లు తడిమింది. పేరుకే చిన్నది. ఇద్దరు అక్కచెల్లెళ్లలో రెండోది కాబట్టి ఇంట్లో పడ్డ పిలుపు, బిడ్డ తల్లయ్యాక కూడా దుకాణం దాకా వెంటపడి వచ్చింది. ఇదివరకు ఇలాంటివి జరిగితే నెపం ట్యూబులైటు మీదకి తోసేది. లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా కనిపించే గుడ్డలు నిజంగానే ఉంటాయి కాబట్టి అందరూ నమ్మేవారు. ఈసారి కోటుకి వాడిన దారపు రీలూ, యజమానురాలు తీసి చూపించిన ఆకుపచ్చ రీలూ పట్టుకుని గుమ్మంలోకి వెళ్లి ఎండలో చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

"కంటి డాక్టరుకి చూపించుకో," అంది యజమానురాలు కాస్త తగ్గి. "నీ కుట్టుకి వంక పెట్టలేను. నీ రంగులతో మాత్రం నేను వేగలేను."

డాక్టరమ్మ ఒక పుస్తకం తెరిచింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. మొదటి పేజీలో అంకె చిన్నది చటుక్కున చదివేసింది. ఆ తర్వాత పేజీల్లో చుక్కలు తప్ప ఇంకేం లేవు.

"ఉన్నాయమ్మా. మీకు కనపడట్లేదంతే," అంది డాక్టరమ్మ. "కంటి వెనక పొరలో రంగులు పట్టే కణాలు మూడు రకాలుంటాయి. మీకు అందులో ఒక రకం సరిగ్గా పనిచేయదు. అందుకే ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిపోతాయి. పుట్టుకతో వచ్చింది, మందు లేదు. మీ తప్పూ లేదు."

ఆ చివరి మాట చిన్నది మళ్లీ చెప్పించుకుంది.

"మగవాళ్లలో ఇది మామూలే. ఆడవాళ్లకి రావాలంటే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండూ కలవాలి. అంటే మీ నాన్నగారికి ఉండి తీరాలి. మీకు కొడుకులుంటే వాళ్లకీ ఉంటుంది."

"మా నాన్న బస్సు డ్రైవరండీ! జీవితమంతా సిగ్నళ్లు చూసి బతికినవాడు!"

"ఆయనకే తెలియకపోయి ఉండొచ్చు," అంది డాక్టరమ్మ.

చిన్నది నవ్వుతూనే బయటికొచ్చింది. వీధి మలుపు తిరిగేసరికి నవ్వు ఆగిపోయింది. నాన్న తెలుపూ నీలం తప్ప వేరే చొక్కా తొడగడు. పండు కొనాలంటే నొక్కి, వాసన చూసి గానీ కొనడు. సంతలో అమ్మ పక్కన లేకపోతే అసలు సంచీయే తీయడు. ఇక బళ్లో తను చెట్టుకి గోధుమరంగు ఆకులు వేసినప్పుడు, పంతులమ్మ ఇంటికి కబురు పెట్టినప్పుడు, నాన్న చెంప పగలగొట్టి అన్న మాట గుర్తొచ్చింది. "మొద్దు! తెలియకపోతే నోరు మూసుకుని పక్కవాళ్లని చూసి వెయ్యి!" ఆ తర్వాత దేశపటాల్లో రంగులు చూసి అడవేదో ఎడారేదో చెప్పలేక, క్లాసంతా నవ్వితే తట్టుకోలేక బడే మానేసింది. తను నిజంగానే మొద్దని ఇన్నేళ్లూ నమ్మింది.

పుట్టింటికి వెళ్లేసరికి నాన్న ముందుగదిలో చెప్పుకి తోలు అతికిస్తున్నాడు. బడి వదిలాక చిన్నదాని కొడుకు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాడు. చిన్నది దారిలో కొన్న ఆకుపచ్చ, గోధుమరంగు రీళ్లకున్న పేర్ల కాగితాలు పీకేసి రెండింటినీ బల్ల మీద పెట్టింది.

"ఆకుపచ్చది ఏది, నాన్నా?"

"ఏంటే ఈ పిల్లాటలు?" అంటూనే ఆయన ఒక రీలు తీసి అడుగున తిప్పి చూశాడు. కాగితం లేదు. వంటింటి గుమ్మం వైపు చూశాడు. అమ్మ నోరు తెరవబోయింది.

"నువ్వు మాట్లాడకమ్మా."

నాన్న రీలు కింద పెట్టాడు. "తెలిస్తే ఉద్యోగం పోయేది," అన్నాడు చివరికి. "కంటి పరీక్షకి వెళ్లొచ్చిన తోటి డ్రైవరు అంకెలన్నీ చెబితే బట్టీ పట్టాను. పైదీపం ఆగమని, కిందదీపం పొమ్మని. రంగుతో పనేముంది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెక్కడో వాగితే నా సంగతి బయటపడదూ?"

"అందుకని కొట్టావా? తెలిసి తెలిసి కొట్టావా?" గొంతు వీధి చివరికి వినిపించి ఉంటుంది. "అమ్మా, నీకూ తెలుసు. తెలిసీ నా చెంపకి కాపడం పెట్టావు!"

గోల విని కొడుకు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. బల్ల మీద రీళ్లు చూసి హుషారుగా అన్నాడు: "అమ్మా, ఎవరైనా రంగడిగితే చప్పున చెప్పకూడదు. పక్కవాడు చెప్పేదాకా ఆగాలి. తాత నేర్పించాడు!"

చిన్నదానికి అరికాలి మంట నెత్తికెక్కింది. వీడి సంగతి కూడా కనిపెట్టేశాడన్నమాట. కన్నతల్లికి చెప్పకుండా, దొంగబతుకు నేర్పిస్తున్నాడన్నమాట. పిల్లాడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

మర్నాడు బడికెళ్లి పంతులమ్మతో కొడుకు ముందే గట్టిగా చెప్పింది: "వీడికి కొన్ని రంగులు కలిసిపోతాయండీ. నాకూ అంతే. రంగుల పెన్సిళ్ల మీద పేర్లు రాసిస్తే చాలు. మొద్దు అన్నారో, నేను ఊరుకోను." దుకాణంలోనూ అదే తీరు. "అక్కా, దారం నువ్వు తీసివ్వు, కుట్టేది నేను," అంది. యజమానురాలు సణుగుతూనే తీసిచ్చింది. భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతూ ఉంటాడు కాబట్టి, పిల్లాడు సాయంత్రాలు దుకాణంలోనే గుడ్డముక్కల మీద కూర్చుని చదువుకున్నాడు.

కొన్నాళ్లకి నాన్నే చిన్నదాని ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "వాణ్ణెందుకు పంపట్లేదు?"

"నీ కళ్ల సంగతి నీ నోటితో వాడికి చెప్పు. తర్వాత చూద్దాం."

ముసలాయన ముఖం మాడ్చుకున్నాడు. వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు. "నాకూ అంతేరా," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఆకుపచ్చేదో గోధుమరంగేదో నాకూ తెలియదు."

పిల్లాడు తాతని ఎగాదిగా చూశాడు. "మరి అమ్మనెందుకు కొట్టావు, తాతా?"

నాన్న ఆదుకోమన్నట్టు చిన్నదాని వైపు చూశాడు. ఆమె ఆదుకోలేదు. కూర్చోమనీ అనలేదు. చేతులు కట్టుకుని, ఆయన ఏం చెబుతాడో వినడానికి నిలబడింది.