కుడి నుంచి మింగిన మాత్రలు

1980లో ఒక రోజు కిషన్‌బాగ్‌లో మా ఇంటి మూడు మెట్లు ఎక్కలేక మధ్యలోనే కూలబడ్డాను. గొంతులో పిల్లికూతలు. ఆసుపత్రిలో ఎక్స్‌రే, రక్తపరీక్ష చేసి ఆస్తమా అన్నారు. వారానికి తగ్గింది. ఇంటికి పంపుతూ కాంపౌండర్ చీటీ మీద వరసగా నాలుగు గళ్లు గీశాడు, వారానికొక గడి. రోజుకెన్ని మాత్రలో 4, 3, 2, 1 అని వేసి, కింద తెలుగులో ఏదో రాశాడు.

నేను తెలుగువాణ్ణే. కానీ నిజాం రోజుల్లో ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివాను. చాయ్ హోటల్లో పొద్దున్నే పేపర్ చదివి అందరికీ వినిపించేది నేనే. అంకెలు వచ్చు, తెలుగు అక్షరం మాత్రం రాదు. ఆ మాట చెప్పడానికి నామోషీ అయింది. ఉర్దూ కంటికి వరస కుడి నుంచే మొదలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. అట్లాగే మింగాను.

రెండో వారానికే ఆయాసం తిరగబెట్టింది. నాలుగో వారం కాస్త తేరుకున్నాను, మాత్రలు అయిపోతే ఆపేశాను. మూడోనాడు స్పృహ తప్పింది. ఆక్సిజన్ పెట్టి బతికించారు.

“స్టెరాయిడ్ డోసు తగ్గించుకుంటూ రావాలి. నువ్వు పెంచి ఒక్కసారే ఆపేశావు. చదువు రాకపోతే అడగాలి కదయ్యా” అన్నాడు డాక్టర్, వార్డంతా వినేటట్టు.

“చదువొస్తది సార్, ఉర్దూల” అన్నాను. ఆయన అప్పటికే పక్క మంచానికి పోయాడు.

ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. సర్కారు పని తెలుగులోకి మార్చారు, మంచిదే. మా వయసువాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినవాడు ఒక్కడన్నా ఉన్నాడా? నా మీదా కోపమే. సిగ్గుకు పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాను.

నా భార్య యాదమ్మకు ఏ చదువూ రాదు. దారి చూపింది ఆమే. “ఏంది గట్ల కూసున్నవ్? బస్సు బోర్డు మీద రెండూ ఉంటయి గద. గది చూసి గిది నేర్సుకో” అంది.

చెకప్‌కని అఫ్జల్‌గంజ్ పోయినప్పుడల్లా అదే పని. చాంద్రాయణగుట్ట బస్సు వస్తే ఉర్దూలో పేరు చదివి, తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే పోల్చుకునేవాణ్ణి. కన్ను ఊరికే కుడికి పోయేది. ఒత్తులు చంపుకుతిన్నాయి. నలభై ఆరేళ్లవాడు దుకాణాల బోర్డుల ముందు గొణుక్కుంటుంటే జనం పిచ్చోడనుకున్నారు. ఆరు నెలలు పట్టింది.

ఆఖరి చెకప్‌లో నా కేసు షీటు బల్ల మీద కనిపించింది. ఎడమ నుంచి కూడబలుక్కుంటూ చదివాను. నా పేరు. వయసు. దాని కింద ‘చదువు రాదు’ అని. వేలు పెట్టి డాక్టర్‌కు గట్టిగా చదివి వినిపించాను.

“ఇది కొట్టెయ్ సార్” అన్నాను. కొట్టేసేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఇప్పుడు చలికాలంలో తప్ప ఆయాసం లేదు. మీకు చెప్పేది ఒకటే. మందుల చీటీ చేతికిచ్చాక అక్కడి నుంచి కదలకండి. ఏ గడి ముందో వాళ్ల వేలితోనే చూపించమనండి. విసుక్కుంటే విసుక్కోనీయండి, ఊపిరి ఆగేది వాళ్లది కాదు.