రెక్క కింద రెండు వేళ్లు

ఆ విమానాన్ని పగలగొట్టింది నేనే. కొన్నాళ్లు గాలి మీద నెపం పెట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! ఆ రోజు గాలే లేదు.

అది మా అన్న చేసుకున్న విమానం. ఫోన్లో వీడియోలు చూసి థర్మోకోల్ షీటు కోశాడు. మోటారు, రిమోటు ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. మూరెడేసి రెక్కలు, వాటి అంచులకు ఎర్ర టేపు. అన్నది ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని. వారమంతా తెల్లటి రాతిపొడిలో నిలబడేవాడు. ఆదివారం మాత్రం మా ఇంటి వెనక బీడు నేలలో ఆ విమానాన్ని పైకి లేపి, తల వెనక్కి వాల్చి చూస్తూ ఉండేవాడు. "పిల్లకాయల ఆట నీకెందుకు న్నా?" అని ఎగతాళి చేసేవాణ్ణి. మా అన్న నా మాట పట్టించుకున్న పాపాన పోలేదు.

ఆ రాతిపొడి అన్న ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. కడప ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించి, "ఇది బాగయ్యేది కాదు, ఉన్నన్నాళ్లు బాగా చూసుకోండి" అన్నాడు. నేను సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. విప్పి, చెడిన ముక్క తీసి, కొత్తది వెయ్యలేని మిషన్ నా చేతికి ఇంతవరకు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద కోపమో తెలియక, బయటికొచ్చి టీ కొట్టువాడితో పంచదార ఎక్కువైందని పోట్లాడాను. పాపం, వాడేం చేశాడు!

అన్న మంచానికి, ఆక్సిజన్ మిషన్‌కు అంటుకుపోయాడు. ఒకరోజు, మాటకూ మాటకూ నడుమ ఆగి ఆగి, "రేయ్, దాన్నొక్కసారి పైకి లేపురా. మిద్దె మీద కూచోని సూస్తా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగినాక మా అన్న నన్ను ఏదైనా అడిగింది అదే మొదలు.

నేనూ వదినా అన్నను కుర్చీతో సహా మిద్దె మీదికి మోసుకుపోయాం. చిన్న సిలిండర్ పక్కన పెట్టాం. ఎంత తేలికైపోయాడో అప్పుడు తెలిసింది. బీట్లోకి దిగి విమానాన్ని విసిరాను. లేచింది! దగ్గర్నుంచి చూపిద్దామని ఇంటివైపు తిప్పాను. అక్కడే ఉంది తిరకాసు. మనవైపు వచ్చే విమానానికి రిమోటులో కుడి ఎడమలు తారుమారవుతాయట. ఒరిగింది కదా అని సర్దబోతే ఇంకా ఒరిగింది. మిద్దె మీద అన్న రెండు చేతులూ ఊపుతున్నాడు. అరవడానికి ఊపిరేదీ? పోయి పోయి, బీటి చివర లారీలు పారబోసిన నాపరాయి ముక్కల గుట్టకు కొట్టుకుంది.

ఒక రెక్క రెండైంది. ముక్కు నలిగింది. తోక ఊడి వేలాడుతోంది. అన్న మంచం మీద పెట్టించుకుని, ముక్క ముక్కా తడిమి చూశాడు. "ఏం కాలేదులే. బరువు మాత్రం పెంచొద్దు. ఈడ కూచో, నేను సెప్తా, నువ్వు సెయ్యి" అన్నాడు.

విన్నానా? నాకొకరు చెప్పాలా! మా ఫ్యాక్టరీలో ఏది చిరిగినా దానికి రెట్టింపు మందం రేకు వేసి అతుకుతాం. విరిగిన చోట మళ్లీ విరగకూడదు, అదే మాకు తెలిసిన రిపేరు. అన్నకు శ్రమ ఎందుకని పైకి చెప్పి, వంటింటి వరండాలో కూర్చుని నా ఇష్టమొచ్చినట్టు మొదలుపెట్టాను.

ముందు, వేళ్లు కూడా అంటుకుపోయే చుక్క గమ్ము వేశాను. చుక్క పడినచోటల్లా థర్మోకోల్ కరిగి గుంట పడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ గుంటల్లో, పైపులు కారితే పెట్టే సీలుముద్ద పిసికి కూరాను. రెక్కలో సైకిల్ చక్రం పుల్లలు దూర్చాను. తోకకు అల్యూమినియం పట్టీ చుట్టి, దాని మీద ఇంకో ముద్ద.

"ఏమప్పా, విమానం బాగుజేస్తాండావా, ఇంటికి దూలం పెడ్తాండావా?" అంది వదిన.

"ఈసారి బండకు కొట్టుకుంటే బండే పగలాల, సూడు వదినా!"

వదిన నవ్వింది. లోపల అన్న దగ్గు మొదలయ్యేసరికి ఆ నవ్వు మధ్యలోనే ఆపేసి పరిగెత్తింది.

నాలుగో రోజు సాయంత్రానికి అయిపోయింది. పరీక్ష రాసినవాడిలా తీసుకుపోయి అన్న ముందు పెట్టాను. ఆయన దిండుకు ఆనుకుని, రెండు చేతుల చూపుడువేళ్లను రెక్కల కింద, విమానం ఒంటికి దగ్గరగా పెట్టి లేపాడు. ఎగరేసే ముందు ఎప్పుడూ అలాగే చూసుకునేవాడు. వేళ్ల మీద విమానం సమంగా నిలబడాలి. తోక దబ్బున కిందికి వాలింది. ఆ బరువును ఆయన ఒళ్లోకి దింపుకున్నాడు.

"శానా గట్టిగా జేసినావురా. ఇంగ పగల్దు" అన్నాడు. ఊపిరి తీసుకున్నాక, "ఎగర్దు గూడా."

నాకు ఏడుపొచ్చింది. "కొత్త షీటు తెప్పిస్తా న్నా. నువ్వు సెప్పినట్టే జేస్తా. పదిరోజుల్లో వస్తాది."

"పదిరోజులా" అని అన్న నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు తగ్గేదాకా వదిన వీపు రాస్తూ నిలబడింది. తగ్గాక అన్నాడు: "మోటరు తిరుగుతాదా? అయితే సేత్తో పైకెత్తి పట్టుకోని పరిగెత్తు. ఆ సప్పుడన్నా ఇంటా."

మళ్లీ కుర్చీ, మళ్లీ మిద్దె. నలభై దాటినవాణ్ణి, బీట్లో విమానాన్ని నెత్తి మీదికి ఎత్తి, మోటారు వేసి, ఈ చివర్నుంచి ఆ చివరకు పరిగెత్తాను. గొర్రెలు కాసుకునే ఆయన కర్రకు ఆనుకుని చూశాడు. చూస్తే చూడనీ. రాళ్లగుట్ట దాకా పోయి తిరిగొచ్చాను, మళ్లీ పోయాను. చెయ్యి పడిపోయేంత బరువు. బ్యాటరీ అయిపోయి మోటారు ఆగేదాకా పరిగెత్తాను.

అదే ఊపులో మెట్లెక్కి అన్న ముందు నిలబడ్డాను. గుండె అదురుతోంది, రొప్పు ఆగడం లేదు. "కనపడిందా... న్నా?"

అన్న విమానం వైపు చూడలేదు. పైకీ కిందికీ పోతున్న నా ఎదనే చూస్తున్నాడు.

"ఎంత ఊపిరి ఉండాదిరా నీకు!" అన్నాడు.

నా రొప్పు ఆయనకు వినబడకూడదని, నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.