కమిటీ వస్తోందని కుళాయికి నీళ్లు

మూడేళ్ల కిందటి మాట, ఎండలు ముదిరిన రోజులు. శాసనసభ సచివాలయంలో హామీల కమిటీ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. రిటైరయ్యాక మిగతా సెక్షన్లేవీ పెద్దగా గుర్తు రావు గానీ, అది మాత్రం తలపుకొస్తూనే ఉంటుంది.

సభలో మంత్రిగారు ‘చేస్తాం’ అంటే చాలు, రికార్డులోంచి ఆ మాట ఏరి పట్టుకునేవాళ్లం. దాన్నే ‘అష్యూరెన్స్’ అంటారు. పని జరిగిందని ఎమ్మెల్యేల కమిటీ ఒప్పుకునేదాకా అది పెండింగే. ఒప్పుకుంటే ‘డ్రాప్’, అంటే ఇక ఆ ఊసెత్తేవాళ్లు ఉండరు. మేమంటే శాఖలకు ఒళ్లుమంట. మాకు అదొక గర్వం.

ఉరవకొండ దగ్గర ఒక పల్లెకు తాగునీళ్లిస్తామన్న హామీ అలాంటిదే. బోరు వేశాం, ట్యాంకు కట్టాం, డ్రాప్ చేయండి అని శాఖ రాసింది. చూసొద్దామని కమిటీ బయల్దేరింది. మాదీ అటువైపే, బత్తలపల్లి, కాబట్టి నన్నూ వెంటబెట్టుకున్నారు.

ఊళ్లో కుళాయి దిమ్మె కడిగి పసుపు కుంకుమ పెట్టి ఉంచారు. చైర్మన్‌గారు తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి. ఆయన ముఖం కడుక్కుని, కుళాయి అలాగే వదిలేసి, "ఇంకేం, డ్రాప్ చేసేద్దాం" అంటూ సభ్యులతో మాటల్లో పడ్డారు. మా వైపు ఒక్క ఊరికైనా నీళ్లొచ్చాయని నాకూ సంతోషం వేసింది.

ఇంతలో ఓబుళమ్మ అనే కూలీ గుంపులోంచి గబగబా వచ్చి కుళాయి కట్టేసింది.

"ఎందుకమ్మా కట్టేశారు?" అన్నారు చైర్మన్‌గారు.

"అట్ల వదిలేస్తే ఎట్ల సారూ? పిల్లోళ్లకి రేపటికి కావాల గదా."

"రేపు మళ్లీ వస్తాయిగా?"

ఆమె తిరిగి ఊరివాళ్ల వైపు చూసింది.

"యాడొస్తాయి సారూ! బోరు ఎండి శానా దినాలాయ. పెద్దోళ్లు వస్తాండారు, చేతులు కడుక్కోను నీళ్లు ల్యాకుంటే ఊరికి నామోషీ అని, నిన్న అందరం కలిసి ట్యాంకరు తెప్పించి పైన ట్యాంకులో పోయించినాము."

నాకు జాలీ వేసింది, ఒళ్లూ మండింది. ఇంకాసేపు ఆమె ఊరుకుని ఉంటే, ఆ మర్యాదే ఊరికి నీళ్లు రాకుండా చేసేది.

కమిటీ ముందు అన్న మాట రికార్డుకెక్కాలి. నేను రాసుకుంటుంటే ఓబుళమ్మ దగ్గరికొచ్చింది.

"ట్యాంకరు సంగతి రాయొద్దు మేడం. ఊరి పరువు పోతాది."

"రాయకుంటే నీళ్లు రావు గదక్కా."

నా కాగితంలోకి తొంగిచూసి, "అట్లయితే బాగా కనపడేట్ల రాయి" అంది.

హామీ పెండింగులోనే ఉంచారు. శాఖ దాచింది బయటికి లాగడం మాకు వెన్నతో పెట్టిన విద్య. ఊరే తన దాహాన్ని దాచుకుంటే ఏం చేయాలో మాత్రం ఆ రోజే తెలిసింది. అప్పట్నుంచి ఏ ఊరికైనా కబురు పెట్టకుండా వెళ్దామని కమిటీని బతిమాలేదాన్ని.

ఆ పల్లెకు పైపులైను పడ్డాక అక్కడికీ అలాగే వెళ్లాం. ఓబుళమ్మ నన్ను గుర్తుపట్టి, "చెప్పకుండా వస్తారా ఎవురన్నా? ఏమీ చేసిపెట్టలేదే!" అని కసిరి, కుళాయి కింద చెంబు పెట్టి నింపి ఇచ్చింది. అంత ఇష్టంగా నేను ఏ హామీకీ డ్రాప్ అని రాయలేదు.