ఎర్రబుగ్గలూ పాలకోడు బస్సూ

ముప్పై దాటినప్పటి నుంచీ నా బుగ్గలూ ముక్కూ ఉన్నట్టుండి ఎర్రగా కందిపోయేవి. పొయ్యి దగ్గర నిలబడ్డా, ఎండలో నాలుగడుగులు వేసినా, కూరలో కారం ఓ పిసరు ఎక్కువైనా అంతే. దాన్ని రొసేషియా అంటారని ఎవరికి తెలుసు? తమిళనాడు ధర్మపురిలో మా కిరాణా అంగడికి వచ్చేవాళ్లంతా అది కోపమే అనుకునేవారు. చిల్లర అడగడానికి కూడా జంకేవారు. నాకు కోపం లేదని అనను. ముక్కు మీదే ఉంటుంది. కానీ రోజంతా ఉంటుందా?

అందరికన్నా ఎక్కువ భయపడింది మా ఆయన. నా ముఖం ఎర్రబడితే చాలు, "పాలకోడు మండీ కాడ పనుండాది" అంటూ చెప్పులు వేసుకుని బస్సెక్కేసేవారు. సాయంత్రం నా బుగ్గలు చల్లబడే వేళకు మూరెడు కనకాంబరాలతో తిరిగొచ్చేవారు. ఆ పూలంటే నాకు ఇష్టమే. అయితే నేను చెప్పాలనుకున్న మాట ఆ పూటకి నోట్లోనే ఉండిపోయేది. పదిహేనేళ్లలో అలాంటివి ఎన్ని మింగానో.

మా అత్తగారు పసుపూ శనగపిండీ కలిపి రుద్దుకోమన్నారు. రుద్దుకున్నాను, ఇంకా మండింది. చివరికి సేలంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ఆమె ముందు ఆ పసుపే మాన్పించింది. "ముత్తైదువ మొగానికి పసుపు లేకుండానా?" అని అత్తగారు వాపోయి, ఆఖరికి పాదాలకే రాసుకోమని రాజీకి వచ్చారు. రాత్రి ఒక జెల్, పగలు సన్‌స్క్రీన్, నెలకోసారి లేజర్. లేజర్ తగులుతుంటే పోపులోంచి ఆవాలు ఎగిరి బుగ్గ మీద పడ్డట్టే ఉంటుంది. నాలుగోసారికి ఎరుపు బాగా తగ్గింది. పూర్తిగా పోదనీ, ఎండ తగిలితే మళ్లీ వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన సంబరం అంతా ఇంతా కాదు. పాలకోడులో పనులు ఒక్కసారిగా తగ్గిపోయాయి.

ఆ వారమే బొమ్మిడిలో మా అమ్మ జారిపడింది. ఆదివారం తీసుకెళ్తానని మాటిచ్చిన మనిషి, ఆ ఉదయం మామూలుగా అంగడి తెరిచారు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ఉల్లిపాయల ధర గురించి చెప్పసాగారు. నా ముఖంలో ఎరుపు లేదు మరి, ఆయనకేం తెలుస్తుంది? రెండు ముద్దలు తిని ఆగారు.

"రసంలో ఉప్పు లేదే," అన్నారు. నా బుగ్గల వైపు కాసేపు చూశారు. "నీ మొగం చూస్తే ఏమీ తెలీలేదు. ఏమే, కోపమా? బాధా?"

ఇన్నేళ్లలో ఆ రెండో మాట నన్నెవరూ అడగలేదు.

"బాధే. మా అమ్మను చూడాల," అన్నాను. అనేసరికి ఏడుపు ఆగలేదు.

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లి షట్టర్ దించేశారు. ఈసారి ఆయన ఒక్కరే బస్సెక్కలేదు. బొమ్మిడి బస్సులో నా పక్కన కూర్చుని, కిటికీలోంచి ఎండ నా మీద పడుతుండడం చూసి లేచారు.

"నువ్వు ఇట్లా జరుగు. ఎండ తగలకూడదని డాక్టరమ్మ చెప్పిండాది కదా," అని కిటికీ వైపు తాను కూర్చున్నారు.